శాప్‌తో జావాని మాట్లాడించడం ఎలా? జేకో లైబ్రరీ అమరిక, కొన్ని జాగ్రత్తలు

అమీర్‌పేటలో శాప్ నేర్చుకుని విమానం ఎక్కినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. జావా నేర్చుకుని ఎక్కినవాళ్ళు అంతకన్నా ఎక్కువే. ఈ రెండు వర్గాలూ ఒకే ప్రాజెక్టులో ఎదురుపడే సందర్భం ఒకటుంది. "మా వెబ్‌సైటులో పడిన ఆర్డరు నేరుగా శాప్‌లోకి వెళ్ళిపోవాలి" అని క్లయింటు అడిగిన రోజు! జావా అతనికి శాప్ తెలియదు, శాప్ అతనికి జావా తెలియదు. ఇద్దరికీ పనికొచ్చేలా ఆ వంతెన కట్టే పద్ధతిని ఈ వ్యాసంలో క్రమంగా చూద్దాం.

ముందు కొంచెం నేపథ్యం

శాప్ కంపెనీని 1972లో జర్మనీలో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు మొదలుపెట్టారు. 1992లో వచ్చిన ఆర్/3తో అది ప్రపంచమంతా పాకింది. కొనుగోళ్ళు, అమ్మకాలు, జీతాలు, ఖాతాలు అన్నీ ఒకేచోట నడిపే ఈ సాఫ్ట్‌వేరులో ప్రోగ్రాములు అబాప్ అనే సొంత భాషలో ఉంటాయి. వాటిలో కొన్ని ఫంక్షన్లను బయటి ప్రోగ్రాములు కూడా పిలవవచ్చు. ఆ పిలుపు పద్ధతికి ఆర్‌ఎఫ్‌సీ, అంటే రిమోట్ ఫంక్షన్ కాల్ అని పేరు. అలా పిలవగలిగిన వాటిలో ఆర్డరు పెట్టడం, బిల్లు చూడడం వంటి వ్యాపార పనుల కోసం శాప్ ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చినవే బాపీలు. జావా నుంచి వీటిని పిలవడానికి శాప్ ఇచ్చే లైబ్రరీ పేరు శాప్ జావా కనెక్టర్. అందరూ జేకో అంటారు. డాట్‌నెట్ వాళ్ళకి ఇలాంటిదే ఎన్‌కో ఉంది.

1. లైబ్రరీ తెచ్చుకోవడం

మిగతా జావా లైబ్రరీల్లాగా ఇది మావెన్ సెంట్రల్‌లో దొరకదు. శాప్ సపోర్ట్ పోర్టల్ నుంచే దించుకోవాలి. అందుకు ఎస్-యూజర్ అనే ఖాతా కావాలి, అది శాప్ ఖాతాదారు కంపెనీల ద్వారా వస్తుంది. కాబట్టి క్లయింటు దగ్గర శాప్ చూసుకునే బేసిస్ బృందాన్ని అడగండి. పాత ప్రాజెక్టులో వాడిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంది కదా అని తెచ్చి పెట్టకండి. లైసెన్సు ప్రకారం దాన్ని అలా పంచిపెట్టకూడదు. ఆ మాట ఆడిట్‌లో బయటపడితే ఇబ్బంది పడేది మీరే.

2. అమర్చడం

ప్యాకేజీలో ముఖ్యంగా రెండు ఫైళ్ళుంటాయి. ఒకటి శాప్‌జేకో3 అనే జార్ ఫైలు. రెండోది అదే పేరుతో ఉండే నేటివ్ లైబ్రరీ. విండోస్‌లో అది డీఎల్‌ఎల్, లైనక్స్‌లో ఎస్‌ఓ ఫైలు. జార్‌ను క్లాస్‌పాత్‌లో, నేటివ్ లైబ్రరీని జావా లైబ్రరీ పాత్‌లో పెట్టాలి. ఇక్కడ మూడు విషయాలు గుర్తుంచుకోండి.

మొదటిది: రెండు ఫైళ్ళూ ఒకే వెర్షన్‌వి అయ్యుండాలి. మీ జావా 64 బిట్ అయితే నేటివ్ లైబ్రరీ కూడా 64 బిట్‌దే కావాలి. "అన్‌శాటిస్ఫైడ్ లింక్ ఎర్రర్" కనిపించిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. విండోస్‌లో అయితే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రన్‌టైమ్ ఉందో లేదో కూడా చూడండి.

రెండోది: జార్ ఫైలు పేరు మార్చకూడదు. మావెన్ తన అలవాటు ప్రకారం పేరు చివర వెర్షన్ నంబరు తగిలిస్తుంది. జేకో వెంటనే ఇది అక్రమ ఆర్కైవ్ అని మొరాయిస్తుంది. జార్‌ను విప్పి మీ పెద్ద జార్‌లో కలిపేసినా ఇదే గొడవ. అసలు పేరుతో విడిగా ఉంచడమే మార్గం.

మూడోది: టామ్‌క్యాట్ వంటి సర్వర్లలో దీన్ని ప్రతి అప్లికేషన్ లోపలా పెట్టకుండా, సర్వరు ఉమ్మడి లిబ్ ఫోల్డరులో ఒక్కసారే పెట్టండి. ఒక నేటివ్ లైబ్రరీని రెండు క్లాస్‌లోడర్లు లోడ్ చెయ్యలేవు.

అన్నీ సరిగ్గా కుదిరాయో లేదో తెలియాలంటే జావా కమాండుతో ఆ జార్‌ను నేరుగా నడపండి. జేకో వెర్షనూ, నేటివ్ లైబ్రరీ దొరికిన చోటూ చూపిస్తుంది. ఇది దాటకుండా కోడ్ జోలికి వెళ్ళకండి.

3. బేసిస్ వాళ్ళని అడగాల్సినవి

అప్లికేషన్ సర్వర్ పేరు, రెండంకెల ఇన్‌స్టెన్స్ నంబరు, మూడంకెల క్లయింట్ నంబరు, యూజరు, పాస్‌వర్డు, భాష. ఈ ఆరూ ఉంటే చాలు. ఇవి జేకో డెస్టినేషన్ అనే ఫైలులో ఉంటాయి. పాస్‌వర్డు అందులో బాహాటంగా ఉంటుంది కనుక ఈ ఫైలు పద్ధతి మీ సొంత పరీక్షలకే. అసలు వ్యవస్థలో డెస్టినేషన్ డేటా ప్రొవైడర్ అనే ఇంటర్‌ఫేస్ రాసుకుని, వివరాలు భద్రమైన చోటు నుంచి అందించాలి.

ఫైర్‌వాల్ వాళ్ళకి పోర్టు నంబరు చెప్పాలి. 33 పక్కన ఇన్‌స్టెన్స్ నంబరు చేర్చండి. ఇన్‌స్టెన్స్ 00 అయితే 3300 అన్నమాట. 32తో మొదలయ్యేది శాప్ గుయ్ స్క్రీన్లకి, మనకి కాదు. ఈ తేడా తెలియక వారాల తరబడి టికెట్లు తిరిగిన ప్రాజెక్టులున్నాయి. లోడ్ బ్యాలెన్సింగ్ వాడితే మెసేజ్ సర్వర్ పోర్టు, సాధారణంగా 36తో మొదలయ్యేది, అదీ తెరవాలి.

యూజరు మనిషి పేరున కాకుండా సిస్టమ్ రకం యూజరుగా ఉండాలి. అవసరమైన ఫంక్షన్లకి మాత్రమే ఎస్_ఆర్‌ఎఫ్‌సీ అనుమతి ఇప్పించుకోండి. అన్ని హక్కులూ ఇచ్చేస్తామని ఎవరైనా ఉదారంగా అన్నా వద్దనండి.

4. తొలి పరీక్ష

ప్రతి శాప్ సిస్టమ్‌లోనూ ఎస్‌టీఎఫ్‌సీ_కనెక్షన్ అనే చిన్న ఫంక్షన్ ఉంటుంది. మీరు పంపిన వాక్యాన్నే అది తిరిగి వినిపిస్తుంది. అది పలికిందంటే వంతెన నిలిచినట్టే. అనుమతి చాలదని వస్తే శాప్‌లో ఎస్‌యూ53 అనే ట్రాన్సాక్షన్ చూడమని బేసిస్ వాళ్ళకి చెప్పండి, ఏది తక్కువైందో అక్కడ కనిపిస్తుంది.

5. అసలు దెబ్బ తగిలేది ఇక్కడే

కొన్నేళ్ళ క్రితం నా స్వానుభవం. ఆర్డరు బాపీని పిలిచాను, ఆర్డరు నంబరు చక్కగా తిరిగొచ్చింది. క్లయింటుకి డెమో కూడా చూపించి మెప్పు పొందాను. తీరా శాప్‌లో వెతికితే ఆ నంబరుతో ఆర్డరే లేదు! కారణం చిన్నదే. బాపీ తనంతట తాను డేటాను ఖాయం చెయ్యదు. తరువాత బాపీ_ట్రాన్సాక్షన్_కమిట్ అనే రెండో పిలుపు కావాలి. పైగా ఆ రెండు పిలుపులూ ఒకే సెషన్‌లో జరగాలి. అందుకు జేకోకాంటెక్స్ట్ బిగిన్, ఎండ్ మధ్య వాటిని పెట్టాలి. నేను కమిట్ పిలిచాను గానీ అది వేరే కనెక్షన్ మీద వెళ్ళింది. అప్పటినుంచీ శాప్ స్క్రీన్ మీద కళ్ళారా చూడనిదే "పని అయింది" అనడం మానేశాను.

ఇలాంటివే మరికొన్ని:

- బాపీలు తప్పు జరిగినా సాధారణంగా ఎక్సెప్షన్ విసరవు. రిటర్న్ అనే పట్టికలో రకం "ఈ" లేదా "ఏ" అని ఉంటే విఫలమైనట్టు. అది చూడకుండా కమిట్ చెయ్యకండి.
- స్క్రీన్ మీద కస్టమర్ నంబరు 1234 అని కనిపిస్తుంది. లోపల మాత్రం ముందు సున్నాలతో పదంకెలుగా ఉంటుంది. ఆర్‌ఎఫ్‌సీలో ఆ సున్నాలు మీరే చేర్చాలి, లేకపోతే కస్టమర్ లేడంటుంది.
- తప్పు పాస్‌వర్డుతో మళ్ళీ మళ్ళీ ప్రయత్నించేలా కోడ్ రాస్తే క్షణాల్లో యూజరు లాక్ అయిపోతుంది. అదే యూజరు మీద నడిచే మిగతా పనులన్నీ ఆగిపోతాయి.
- జవాబు రాకముందే లైను తెగితే ఆర్డరు పడిందో లేదో తెలియదు. గుడ్డిగా మళ్ళీ పంపితే రెండు ఆర్డర్లు, రెండు లారీల సరుకు! మీ సొంత రిఫరెన్స్ నంబరు కూడా ఆర్డరుతో పంపి, తిరిగి పంపేముందు దానితో వెతకండి.
- పట్టికలు చదవడానికి చాలామంది వాడే ఆర్‌ఎఫ్‌సీ_రీడ్_టేబుల్ బయటివారి వాడకానికి ఉద్దేశించింది కాదు. వరుసకు 512 అక్షరాల పరిమితి కూడా ఉంది.

6. లైసెన్సు మాట మరువకండి

కోడ్ నడిచింది కదా అని ఊరుకుంటే సరిపోదు. వెబ్‌సైటు ద్వారా వచ్చే బయటివాళ్ళు కూడా శాప్‌ను వాడినట్టేనా? ఈ ప్రశ్న బ్రిటన్ హైకోర్టు దాకా వెళ్ళింది. మద్యం తయారీ సంస్థ డియాజియో తన సేల్స్‌ఫోర్స్ అప్లికేషన్లను శాప్‌కి కలిపింది. లైసెన్సు రుసుము కింద 5 కోట్ల 40 లక్షల పౌండ్లకు పైగా రావాలని శాప్ దావా వేసింది. అలా పరోక్షంగా వాడినా లైసెన్సు కావాలని 2017 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. ఆ తరువాత 2018లో శాప్, వాడే మనుషుల లెక్కన కాకుండా తయారయ్యే పత్రాల లెక్కన వసూలు చేసే పద్ధతిని తెచ్చింది. కాబట్టి పని మొదలయ్యే ముందే "ఈ కనెక్షన్‌కి లైసెన్సు చూసుకున్నారా?" అని మేనేజరుకి ఒక ఈమెయిలు పంపండి. ఆ ఒక్క ఈమెయిలు రేపు మిమ్మల్ని కాపాడవచ్చు.

చివరగా, కొత్త ఎస్/4హానా మీద కొత్తగా మొదలుపెట్టే పని అయితే, వెబ్ పద్ధతిలో నడిచే ఓడేటా సేవలు సరిపోతాయేమో ముందు చూడండి. నేటివ్ లైబ్రరీల బాధ ఉండదు. కానీ పాత ఈసీసీ వ్యవస్థలు ఇంకా చాలాచోట్ల నడుస్తున్నాయి. వాటిలో ఆర్‌ఎఫ్‌సీ తెలిసినవాళ్ళకి పని ఉంటూనే ఉంది. పక్క కుర్చీలో శాప్ మిత్రుడు ఉంటే ఒక కాఫీ ఇప్పించి, ఎస్‌ఈ37లో మీరు పిలవబోయే బాపీని ఒకసారి నడిపి చూపించమనండి. అక్కడ నడిస్తే ఇక్కడ నడిపించడం మీ చేతిలో పనే.