మూర్ఛ మొదలు మరణం వరకు: ‘స్టార్ ట్రెక్’లో ఫేజర్, ఫోటాన్ టార్పెడోల చరిత్ర

అమెరికాలోని ఎన్.బి.సి. టెలివిజన్‌లో 1966 సెప్టెంబరు 8న ‘స్టార్ ట్రెక్’ ధారావాహిక ప్రసారం మొదలైంది. జీన్ రాడెన్‌బెరీ దాని సృష్టికర్త. అందులోని ‘ఎంటర్‌ప్రైజ్’ అనే వ్యోమనౌకకు రెండు ప్రధానాయుధాలున్నాయి. మొదటిది ఫేజర్. ఇది శక్తిని కిరణంగా ప్రసరింపజేస్తుంది; నౌకకు అమర్చే పెద్ద రూపంతోపాటు పిడికిట్లో ఇమిడే చిన్న రూపం కూడా దీనికుంది. రెండవది ఫోటాన్ టార్పెడో. ఇది గొట్టంలోంచి వెలువడి, లక్ష్యాన్ని చేరి పేలుతుంది. ఈ ఆయుధాలను గురించిన చర్చ చాలావరకు వాటి విధ్వంసశక్తి చుట్టూ తిరుగుతుంది. కానీ కథలను ప్రసారక్రమంలో పరిశీలిస్తే, ఆ శక్తిని ప్రయోక్త ఎక్కడ నిలుపుతాడన్న ప్రశ్నే వాటి చరిత్రను నడిపినట్లు కనిపిస్తుంది.

లేజర్ పేరు మారిన వైనం

కిరణాయుధం అప్పటికే పాతబడిన కల్పన. హెచ్.జి. వెల్స్ 1898లో పుస్తకంగా వెలువరించిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నవలలో అంగారక వాసులు ఉష్ణకిరణంతో మనుషులను దహిస్తారు. ఆ తరువాత 62 ఏళ్లకు, 1960 మే 16న, థియోడర్ మైమన్ కాలిఫోర్నియాలోని హ్యూస్ పరిశోధనశాలలో కెంపు స్ఫటికంతో తొలి లేజర్‌ను వెలిగించాడు. కల్పనకు నిజం తోడైంది. 1964లో చిత్రీకరించిన ‘స్టార్ ట్రెక్’ తొలి నమూనా కథ ‘ది కేజ్’లో పాత్రలు వాడిన ఆయుధాల పేరు కూడా లేజరే. మరుసటి సంవత్సరం చిత్రీకరించిన రెండవ నమూనా కథకు వచ్చేసరికి ఆ పేరు ఫేజర్‌గా మారింది.

ఈ మార్పుకు నిర్మాతలు చెప్పిన కారణం సులభంగా అర్థమయ్యేదే. లేజర్ ప్రయోగశాల దాటి వార్తాపత్రికల్లోకి వస్తున్న రోజులవి. ‘లేజర్ అలా చేయలేదే’ అని ప్రేక్షకుడు రేపు తప్పుపట్టకూడదనుకున్నారు. నిజమైన లేజర్ కాలుస్తుంది, కోస్తుంది, కన్ను పోగొడుతుంది. మనిషిని గాయపరచకుండా మూర్ఛలో పడేయడం దానివల్ల కాదు. కథకు కావలసింది సరిగ్గా ఆ పనే. ఎవరికీ తెలియని పేరు పెట్టడంతో భౌతికశాస్త్రం విధించే హద్దు తొలగి, మూర్ఛ నుంచి మరణం వరకు, అక్కడినుంచి దేహం ఆనవాలు లేకుండా మాయం కావడం వరకు మెట్లున్న ఆయుధం సాధ్యమైంది. 1991లో రిక్ స్టెర్న్‌బాక్, మైకేల్ ఒకుడా ప్రచురించిన సాంకేతిక కరదీపిక చేతి ఫేజర్లలో పెద్దదానికి 16 స్థాయులు చూపి, వాటిలో తొలి మూడింటిని మూర్ఛకు కేటాయించింది.

భారతకథ తెలిసిన తెలుగు పాఠకునికి ఇది కొత్త ఊహ కాదు. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణ సందర్భాన అర్జునుడు సమ్మోహనాస్త్రంతో కౌరవసేనను మూర్ఛిల్లజేస్తాడు. చంపగలిగిన స్థితిలో ఉండి చంపడు. ఉత్తర అడిగిన బొమ్మపొత్తికల కోసం పడిపోయిన వీరుల వస్త్రాలు మాత్రం తెప్పిస్తాడు. ఈ రెండు కల్పనల మధ్య ప్రభావ సంబంధం ఏదీ లేదు. అయినా ఆయుధంలో సంయమనానికి చోటు కల్పించాలన్న కోరిక రెండింటిలోనూ ఒకటే.

సముద్రం నుంచి వచ్చిన టార్పెడో

టార్పెడో అన్న మాటకు మూలం లాటిన్‌లో ఉంది. తాకినవారికి విద్యుద్ఘాతంతో తిమ్మిరి పుట్టించే ఒక చేపకు అది పేరు. 19వ శతాబ్దారంభంలో రాబర్ట్ ఫుల్టన్ ఆ మాటను నీటిలో పేలే మందుపాతరకు వాడాడు. 1866లో రాబర్ట్ వైట్‌హెడ్ స్వయంచాలిత టార్పెడోను రూపొందించాక పాత అర్థం మరుగున పడింది. విచిత్రమేమంటే, పేరులో మూర్ఛ ఉన్న ఆయుధం కేవలం సంహారానికే మిగిలింది. ఆ మూర్ఛ గుణం ఫేజర్‌కు దక్కింది.

‘స్టార్ ట్రెక్’ నౌకాయుద్ధపు కథనాన్ని ముందు అరువు తెచ్చుకుంది, టార్పెడోను తరువాత తెచ్చుకుంది. 1966 డిసెంబరు 15న ప్రసారమైన ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ కథకు 1957 నాటి ‘ది ఎనిమీ బిలో’ చలనచిత్రం ఒరవడి. అమెరికన్ విధ్వంసక నౌకకూ జర్మన్ జలాంతర్గామికీ మధ్య సాగే వేటను అది చిత్రించింది. ధారావాహికలో కంటికి కనబడని రోములన్ నౌక జలాంతర్గామి స్థానంలోకి వచ్చింది. అందుకే ఈ కథలో ఫేజర్లు కిరణాల్లా కాక, జలాంతర్గామిపై జారవిడిచే లోతుబాంబుల్లా అక్కడక్కడా పేలతాయి. కథారంభంలో ఆగిపోయిన పెళ్లి తాలూకు వరుడు ఫేజర్ గదిలోనే మరణిస్తాడు. మీట నొక్కేవాడూ చావుకు అందుబాటులోనే ఉంటాడన్న ఎరుక ఈ కథకు బలం. తరువాతి కథల్లో అది పలచబడింది.

ఫోటాన్ టార్పెడో పేరు మొదట వినిపించింది 1967 జనవరి 19న ప్రసారమైన ‘అరీనా’లో. ఫ్రెడ్రిక్ బ్రౌన్ 1944లో రాసిన కథానిక దీనికి ఆధారం. సెస్టస్ 3 గ్రహంపైనున్న మానవ స్థావరాన్ని గోర్న్ జాతివారు నేలమట్టం చేస్తారు. కెప్టెన్ కర్క్ పగతో వారిని తరుముతుండగా, అంతకన్నా సమర్థులైన మెట్రాన్లు రెండు నౌకలనూ నిలిపివేసి, ఇరువురు నాయకులను నిరాయుధులుగా ఒక ఎడారిలో దింపుతారు. అక్కడ కర్క్‌కు మిగిలినవి గంధకం, బొగ్గు, సూరేకారం, ఒక వెదురు గొట్టం. వాటితో తుపాకీమందు కలిపి ఫిరంగి పేల్చి ప్రత్యర్థిని పడగొడతాడు. కానీ ఆ స్థావరాన్ని తమ నేలపై దురాక్రమణగా గోర్న్‌లు భావించి ఉండవచ్చని అప్పటికి అతనికి స్ఫురిస్తుంది. చంపడానికి నిరాకరిస్తాడు. ధారావాహికలోకెల్లా భీకరమైన ఆయుధం ప్రవేశించిన కథలోనే అతి ప్రాచీనమైన మందుగుండు గెలిచింది, గెలిచాక ఆగింది. ఫోటాన్ టార్పెడోకు మూర్ఛ స్థాయి లేదు. కాబట్టి ఆగడం మనిషి వంతయింది.

మాయమయ్యే దేహాలు, టార్పెడోలోని దేహం

ఫేజర్ గురించి ఒక అభ్యంతరం మిగులుతుంది. పై స్థాయిలో ప్రయోగిస్తే రక్తం లేదు, శవం లేదు. మనిషి వెలుగులో కలిసిపోతాడు. హింసను ఇంత పరిశుభ్రంగా చూపడం హింసను తేలిక చేయడమేనన్న విమర్శ న్యాయమైనది. అయితే 1967 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఎ టేస్ట్ ఆఫ్ ఆర్మగెడాన్’ ఆ విమర్శను ధారావాహిక లోపలినుంచే వినిపించింది. అందులో రెండు గ్రహాలు 500 ఏళ్లుగా కంప్యూటర్లతో యుద్ధం చేస్తుంటాయి. లెక్కలో చనిపోయినవారు తమంతట తామే విచ్ఛిన్న యంత్రాల్లోకి నడుస్తారు. కర్క్ ఆ కంప్యూటర్లను ధ్వంసం చేసి, యుద్ధపు బీభత్సాన్ని వారికి తిరిగి ఇస్తాడు. మరుసటి నెల ప్రసారమైన ‘ది డెవిల్ ఇన్ ది డార్క్’లో గని కార్మికులను చంపుతున్న హోర్టా అనే శిలాప్రాణి ఎదుట కర్క్ ఫేజర్ పట్టి నిలబడతాడు. అంతకుముందు దాన్ని బతికించాలన్న స్పాకే ఇప్పుడు మిత్రుని ప్రాణానికి భయపడి చంపమంటాడు. కర్క్ కాల్చడు. ఆ ప్రాణి, కార్మికులు తెలియక పగులగొట్టిన తన గుడ్లకోసం పోరాడుతున్న తల్లి అని తరువాత తేలుతుంది.

టార్పెడో కథ సినిమాల్లో అనూహ్యమైన మలుపు తిరిగింది. 1982 నాటి ‘ది రాత్ ఆఫ్ ఖాన్’లో స్పాక్ దేహాన్ని టార్పెడో పెట్టెలో ఉంచి, సైనిక మర్యాదలతో అంతరిక్షంలోకి వదులుతారు. 1984 నాటి తరువాతి చిత్రంలో ఆ పెట్టె ఖాళీగా దొరుకుతుంది, స్పాక్ పునర్జీవితుడవుతాడు. 2013లో వచ్చిన ‘ఇన్‌టు డార్క్‌నెస్’లో 72 టార్పెడోల లోపల గడ్డకట్టిన నిద్రలో మనుషులు ఉంటారు. పేలుడు పదార్థం ఉండవలసిన చోట మనిషిని ఉంచడం ఈ మూడు చిత్రాల ఉమ్మడి కల్పన. నౌకాదళంలో మృతులను సముద్రానికి అప్పగించే ఆచారం దీనికి నేపథ్యం.

అంకెల విషయానికి వస్తే, పైన పేర్కొన్న కరదీపిక ఫోటాన్ టార్పెడోలో గరిష్ఠంగా 1.5 కిలోగ్రాముల ప్రతిపదార్థం ఉంటుందని చెప్పింది. అంతే పరిమాణంలోని పదార్థంతో అది పూర్తిగా లయమైతే 3 కిలోగ్రాముల ద్రవ్యరాశి శక్తిగా మారుతుంది. అది సుమారు 64 మెగాటన్నులకు సమానం. సోవియట్ యూనియన్ 1961లో పేల్చిన అతిపెద్ద బాంబు సుమారు 50 మెగాటన్నులది. తెరపై మాత్రం టార్పెడో ఒక్కోసారి గుడ్డి దీపంలా వెలిగి ఆరిపోతుంది. అంకె కథ తరువాత పుట్టింది కనుక ఆ వైరుధ్యాన్ని సరిదిద్దే ప్రయత్నం వృథా.

వాస్తవంలోని కిరణం

1970లలో జాక్ కవర్ విద్యుద్ఘాతంతో మనిషిని నిలువరించే సాధనాన్ని రూపొందించి, బాలసాహిత్య నాయకుడు టామ్ స్విఫ్ట్ పేరు కలిసొచ్చేలా దానికి టేజర్ అని పేరు పెట్టాడు. అది కిరణం కాదు, తీగలతో ఎగిరే ముల్లు. దానివల్ల మరణాలు కూడా సంభవించాయి. లేజర్ విషయంలో మనుషులపై చంపకుండా ప్రయోగించే ఆలోచన కళ్లు పోగొట్టడం దగ్గరికి చేరింది. శాశ్వతమైన అంధత్వం కలిగించేందుకే రూపొందించిన లేజర్ ఆయుధాలను నిషేధించే అంతర్జాతీయ ఒడంబడికను 1995 అక్టోబరులో ఆమోదించారు. అది 1998లో అమల్లోకి వచ్చింది.

2025 ఏప్రిల్ 13న కర్నూలులోని నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో భారత రక్షణ పరిశోధన సంస్థ వాహనంపై అమర్చిన లేజర్ ఆయుధాన్ని ప్రదర్శించింది. హైదరాబాదులోని చెస్ అనే ప్రయోగశాల దాన్ని తీర్చిదిద్దింది. అది డ్రోన్లను కాల్చి కూల్చింది. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల రూపొందించిన టార్పెడో పేరు వరుణాస్త్రం. ఆగ్నేయ, వారుణాస్త్రాల వంటివి ఇలా ఒక్కొక్కటిగా ప్రయోగశాలలకు చేరుతున్నాయి. ఆ వరుసలో సమ్మోహనాస్త్రానికి, ఫేజర్ తొలి మూడు స్థాయులకు ఇంకా సాటి దొరకలేదు.