రాస్ దోమ, న్యూజెర్సీ గోమారి

మా మెట్టుగూడలో మెట్రో ఎక్కితే ఆరో స్టేషన్ బేగంపేట. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నది అక్కడే. 1902లో నోబెల్ కూడా వచ్చింది. ఇదంతా చిన్నప్పుడు బట్టీ పట్టిందే. కానీ మా పెద్దమ్మ కొడుకు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసేదాకా నాకు తెలియని కథ ఇంకోటుంది.

అన్నయ్య వీకెండ్ ట్రెక్కింగ్‌కి వెళ్ళొచ్చాడు. ఒంటిమీద ఎర్రటి మచ్చ, జ్వరం. లైమ్ అన్నారు, డాక్సీసైక్లిన్ ఇచ్చారు. మచ్చ తగ్గింది, మూడు రోజులైనా జ్వరం మాత్రం తగ్గలేదు. రక్తం మళ్ళీ చూస్తే ఎర్ర కణాల్లో ఉంగరాల్లాంటి క్రిములు! అచ్చం మలేరియాలా ఉన్నా, అది బబీసియా.

ఈ బబీసియా చరిత్ర రాస్ కంటే ముందుది. అమెరికాలో పశువులకొచ్చే టెక్సాస్ జ్వరం గోమార్ల వల్లేనని కాపర్లు ఎప్పట్నుంచో అంటుండేవారు. థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ 1893లో దాన్ని రుజువు చేశారు. అంటే బేగంపేట దోమకి నాలుగేళ్ళ ముందే గోమారి దొరికిపోయిందన్నమాట. మనుషుల్లో బబీసియా మొదటిసారి బయటపడింది మాత్రం 1957లో, యుగోస్లావియాలో. లైమ్ క్రిమిని బర్గ్‌డార్ఫర్ కనిపెట్టి 1982లో ప్రకటించాడు.

ఈ రెండింటినీ మోసేది ఒకే నల్లకాళ్ళ గోమారి. అనాప్లాస్మా అనే మూడోది కూడా దానిలోనే ఉండొచ్చు. డాక్సీసైక్లిన్‌కి లైమ్, అనాప్లాస్మా లొంగుతాయి, బబీసియా లొంగదు. దానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి ఇవ్వాలి. రెండు జబ్బులూ ఉంటే రెండు వైద్యాలూ ఒకేసారి నడవాలి. మనకిది కొత్తేం కాదు. మన దగ్గర ఫాల్సిపేరం, వైవాక్స్ రెండూ ఒకే మనిషిలో కనిపిస్తే ఆర్టిమిసినిన్ కాంబినేషన్‌తో పాటు ప్రైమాక్విన్ కూడా ఇస్తారు.

మన భాషలో చెప్పాలంటే ఒకే ఎర్రర్ మెసేజ్ వెనక రెండు బగ్గులు. ఒకటి ఫిక్స్ చేసి టికెట్ క్లోజ్ చేస్తే ఏమవుతుందో మనకి తెలీదా? అలాగని ఎందుకైనా మంచిదని మందులన్నీ నెలల తరబడి మింగడం కూడా తప్పే. లైమ్ వైద్యం అయ్యాక మిగిలిపోయిన నొప్పులకి మూడు నెలలు యాంటీబయాటిక్స్ ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర కంటే మేలేమీ జరగలేదని 2001లోనే తేలింది. కాబట్టి ముందు పరీక్ష, తర్వాతే మందు.

ఆన్‌సైట్ మిత్రులకి ఒక్క మాట. లైమ్‌కి మందు మొదలెట్టి రెండు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, ప్లేట్‌లెట్లు పడిపోయినా, రెండో క్రిమి ఉందేమో చూడమని డాక్టర్‌ని అడగండి. ఈ మధ్య ఇండియా వెళ్ళొచ్చుంటే అది కూడా తప్పకుండా చెప్పండి. మైక్రోస్కోప్ కింద మన మలేరియాకీ వాళ్ళ బబీసియాకీ తేడా పట్టడం కష్టం. రెంటి మందులూ వేరు.

అన్నయ్య కోలుకున్నాడు. ఈసారి వచ్చినప్పుడు రాస్ బిల్డింగ్ చూపించమన్నాడు. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి నేనూ చూడలేదు మరి!