రేడియేటర్ లీకు మరమ్మతు
కారు ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్‌లో పడిన చిల్లును, పగులును పూడ్చే పనిని రేడియేటర్ లీకు మరమ్మతు అంటారు. తేనెగూడు అల్లిక గల రేడియేటర్ విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన 1901 నాటి మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారుతో వచ్చింది. పాత రాగి, ఇత్తడి రేడియేటర్లకు తగరం, సీసం కలిసిన టంకంతో మాటు వేస్తారు. 63:37 పాళ్ల టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఇప్పటి ప్లాస్టిక్ ట్యాంకులకు మాటు కుదరదు. వెంట్రుకవాసి పగులును గరుకు కాగితంతో రుద్ది, తడి పూర్తిగా ఆరాక ఎపాక్సీ పూస్తారు, అది తాత్కాలికమే. మళ్లీ లీకు రాకుండా రేడియేటర్‌లో పోసే నీటినీ చూసుకోవాలి: తెనాలికి దిగువన బాపట్ల, రేపల్లె తీరప్రాంతాల్లో భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పన. ఉప్పులోని క్లోరైడ్లు అల్యూమినియం గొట్టాలను చుక్కలు చుక్కలుగా తినేస్తాయి కనుక బోరు నీటికి బదులు డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ వాడటమే మేలు. ఇంజిన్ వేడి మీదుండగా మూత తీయడం ప్రమాదకరం: ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటిన నీరు ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతుంది.