అరుగుట వేరు, ఒంటబట్టుట వేరు
(క్లోమగ్రంథి కథ)

శరీరశాస్త్ర పాఠములలో క్లోమము విద్యార్థికి రెండు మార్లు ఎదురవుతుంది. మొదట జీర్ణక్రియ పాఠములో వస్తుంది. జీర్ణకోశము వెనుక అడ్డముగా అమరిన, సుమారు 15 సెంటీమీటర్ల పొడవుగల గ్రంథి ఇది. తన రసమును ఒక నాళము ద్వారా ఆంత్రమూలములోనికి పంపుతుంది. కొన్ని వారముల తరువాత అదే క్లోమము వినాళగ్రంథుల పాఠములో మరల కనిపిస్తుంది. అప్పుడు చురుకైన విద్యార్థి లేచి, "మాస్టారూ, దీనికి నాళమున్నదని మీరే చెప్పినారు గదా! నాళము లేని గ్రంథులలో ఇది ఎట్లు చేరినది?" అని అడగడము సహజము. ఈ ప్రశ్నకు పూర్తి సమాధానము దొరకడానికి దాదాపు 280 సంవత్సరములు పట్టినది. ఆ కథలోని ముఖ్యమైన మలుపులలో కొన్ని విద్యార్థుల చేతి మీదుగానే జరిగినవి.

నాళము కనబడినది

1642లో ఇటలీలోని పాదువా నగరమున విర్సుంగ్ అనే శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు, ఉరితీయబడిన ఒక ఖైదీ శవమును పరీక్షిస్తూ క్లోమములో ఒక నాళమును చూచినాడు. దాని పని ఏమిటో అతనికి బోధపడలేదు. దాని పటమును రాగిరేకుపై చెక్కించి, అచ్చువేసి ఇతర పండితులకు పంపినాడు. మరుసటి సంవత్సరమే అతడు హత్యకు గురి అయినాడు.

1664లో హాలెండులోని లైడెన్‌లో, ఇంకను విద్యార్థిగా ఉన్న ద గ్రాఫ్ బ్రతికియున్న కుక్క క్లోమనాళములో పక్షి ఈకకాడను అమర్చి, కారే రసమును సీసాలోనికి పట్టినాడు. క్లోమరసమును చేతికి తెచ్చినది ఈ ప్రయోగమే. అయితే ఆ రసము ఆమ్లమని అతడు పొరపాటు పడినాడు. నిజమునకు అది క్షారము. జీర్ణకోశము నుండి వచ్చే ఆమ్లమును శాంతింపజేయడము దాని పనులలో ఒకటి.

19వ శతాబ్ది నడుమ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ ఈ రసము క్రొవ్వును అరిగిస్తుందని చూపినాడు. కుందేలులో క్లోమనాళము పైత్యనాళమునకు చాలా దిగువన ప్రేగులో కలుస్తుంది. క్రొవ్వు తినిపించిన కుందేలు ప్రేగును పరిశీలించగా, క్లోమరసము కలిసే చోటు దాటిన తరువాతనే ప్రేగు చుట్టునున్న సన్నని నాళములు పాలవలె తెల్లబడి కనిపించినవి. దీనితో క్లోమము జీర్ణగ్రంథి అని అందరికీ నమ్మకము కుదిరినది. ఇక తెలిసికొనవలసినది పెద్దగా లేదనిపించినది.

ఒక విద్యార్థి వ్యాసము

అట్టి సమయమున, 1869 ఫిబ్రవరిలో, బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏండ్ల వైద్యవిద్యార్థి తన పట్టము కొరకు సిద్ధాంతవ్యాసము సమర్పించినాడు. కుందేలు క్లోమమును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, అందులోని కణములను వర్గీకరించడమే అతని పని. రసము తయారుచేసే కణములు ద్రాక్షగుత్తులవలె నాళముల చివర అమరియున్నవి. వాటి నడుమ అక్కడక్కడ వేరు రకపు చిన్న కణములు గుంపులు గుంపులుగా కనిపించినవి. ఒక్కొక్క గుంపు వెడల్పు మిల్లీమీటరులో పదవవంతు మొదలు నాలుగవవంతు లోపే. వాటి పని ఏమిటో తాను వివరించలేనని ఆ యువకుడు దాచకుండ ఒప్పుకొన్నాడు.

తరువాత క్షయవ్యాధి సోకి అతడు మదీరా ద్వీపమునకు వెళ్ళిపోయినాడు. అక్కడ వైద్యము చేస్తూ, సముద్రపు పురుగులను పరిశీలిస్తూ 1888లో, 40 ఏండ్ల వయసుననే మరణించినాడు. తాను చూచినది ఏమిటో అతనికి తెలియనే లేదు.

మూత్రములో చక్కెర

మరుసటి సంవత్సరమే కథ మలుపు తిరిగినది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఫాన్ మేరింగ్, మింకోవ్‌స్కీ అనే ఇద్దరు, క్లోమము లేకున్న క్రొవ్వు అరుగునా అనే సందేహముతో ఒక కుక్కకు ఆ గ్రంథిని పూర్తిగా తొలగించినారు. కుక్క బ్రతికినది. కాని మాటిమాటికి మూత్రము పోయసాగినది. పరీక్షించగా అందులో చక్కెర ఉన్నది! చీమలు పట్టే తీపి మూత్రమును గురించి మన ప్రాచీన వైద్యులు ఎరుగుదురు. మధుమేహమనే పేరు వారు పెట్టినదే. ఆ వ్యాధికి మూలము జీర్ణగ్రంథి అనుకొన్న క్లోమములో ఉండవచ్చునని ఈ ప్రయోగముతో తేలినది.

మరి లోపించినది జీర్ణరసమేనా? నాళమును కట్టివేసి రసము ప్రేగులోనికి పోకుండ చేసినప్పుడు మధుమేహము రాలేదు. క్లోమపు ముక్కను కుక్క చర్మము క్రింద అతికించి, మిగిలిన గ్రంథిని తీసివేసినప్పుడు కూడ రాలేదు. ఆ ముక్కను తీసివేయగానే వచ్చినది. కావున నాళముతో పనిలేని మరొక పదార్థమేదో క్లోమము నుండి నేరుగా రక్తములో కలుస్తున్నది. 1893లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాగెస్ దానికి చోటు చూపినాడు. ఆ విద్యార్థి చూచిన చిన్న గుంపులే అట్టి పదార్థమును తయారుచేయవచ్చునని ఊహించి, వాటికి లాంగర్‌హాన్స్ దీవులని పేరు పెట్టినాడు. మన పాఠ్యపుస్తకములలోని లాంగర్‌హాన్స్ పుటికలు ఇవే.

టొరంటోలో

ఆ పదార్థమును వెలికి తీయడానికి చాలామంది ప్రయత్నించి విఫలులైనారు. రుమేనియాలో పౌలెస్కూ సాధించిన ఫలితములు 1921లో ప్రకటితమైనవి. అదే సంవత్సరము మే నెలలో కెనడాలోని టొరంటోలో, మాక్లియాడ్ ఆచార్యుని ప్రయోగశాలలో బాంటింగ్ అనే యువవైద్యుడు పని ప్రారంభించినాడు. అతనికి సహాయకుడు అప్పుడే పట్టపరీక్ష ముగించిన 22 ఏండ్ల చార్లెస్ బెస్ట్. వారు తీసిన సారము కుక్కల రక్తములోని చక్కెరను తగ్గించినది. కాలిప్ అనే రసాయనజ్ఞుడు దానిని శుద్ధిచేసే మార్గము కనిపెట్టినాడు.

అప్పటికి మధుమేహము సోకిన పిల్లలు సాధారణముగా ఒకటి రెండేండ్లలో చనిపోయేవారు. వైద్యులు చేయగలిగినది తిండి తగ్గించి, ఆయుర్దాయమును కొన్ని నెలలు పొడిగించడమే. 1922 జనవరి 11న లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏండ్ల బాలునికి మొదటి సూదిమందు ఇచ్చినారు. అతని బరువు అప్పుడు సుమారు 30 కిలోలు. ఆ మందు శుద్ధమైనది కానందున మేలు స్వల్పము. 23వ తేదీన కాలిప్ శుద్ధిచేసిన మందు ఇవ్వగా చక్కెర దిగివచ్చినది, బాలుడు కోలుకొన్నాడు. మరి 13 సంవత్సరములు జీవించినాడు. ఆ పదార్థమే ఇన్సులిన్. దీవి అనే లాటిన్ మాట నుండి ఆ పేరు వచ్చినది. 1923లో బాంటింగ్, మాక్లియాడ్‌లకు నోబెల్ బహుమతి లభించగా, బాంటింగ్ తన భాగమును బెస్ట్‌తోను, మాక్లియాడ్ కాలిప్‌తోను పంచుకొన్నారు.

ఇక మన విద్యార్థి ప్రశ్నకు వత్తము. క్లోమములో రెండు గ్రంథులు ఒకే ఇంట కాపురమున్నవి. మొదటిది నాళము ద్వారా రసము పంపి ఆహారమును అరిగిస్తుంది. ఇది జీర్ణక్రియ. రెండవది దీవుల నుండి ఇన్సులిన్‌ను రక్తములో కలిపి, అరిగిన చక్కెరను కండరముల లోనికి చేరుస్తుంది, కాలేయములో గ్లైకోజెన్‌గా నిలువచేయిస్తుంది. ఇది జీవక్రియ. "ఎంత తిన్నా ఒంటబట్టడము లేదు" అని మన ఇండ్లలో పెద్దలు అంటారు. ఇన్సులిన్ లేని బిడ్డ స్థితి అక్షరాలా ఇదే. అన్నము అరుగుతుంది, చక్కెర రక్తము నిండా ఉంటుంది, శరీరము మాత్రము ఆకలితో కృశిస్తుంది. ఇన్సులిన్ ఈ వ్యాధిని మాన్పదు. ప్రతిదినము తీసికొంటూ ఉంటే బ్రతికిస్తుంది.

బెర్లిన్ విద్యార్థి "ఇది నాకు తెలియదు" అని వ్రాయడానికి సిగ్గుపడి ఆ చిన్న గుంపులను వదలివేసి ఉంటే, తరువాతివారు వెదుకవలసిన చోటు ఇంకెంత కాలమునకు తెలిసేదో! తరగతిలో పటము చూస్తూ ఎవరైన బాలుడు, బాలిక "ఇదేమిటండీ?" అని అడిగితే, సమాధానము తెలియకున్నను ఆ ప్రశ్నను నోటుపుస్తకములో వ్రాయించుట మంచిది.