రాధామనోహరము: ఒక తీగె పేర్ల చరిత్ర

సూరతు జిల్లా పల్సాణా తాలూకాలోని జోల్వా వస్త్ర పరిశ్రమకు పేరుపడిన ఊరు. తెలంగాణమునుండి వలసవెళ్లిన పద్మశాలీలు సూరతు ప్రాంతమున తరములుగా నివసించుచున్నారు. గుజరాతీలు మధుమాలతి అని పిలుచు ప్రహరీగోడల తీగె తెలుగువారికి రాధామనోహరము. దీని పువ్వు సాయంసమయమున తెల్లగా విచ్చి, మరునాటికి గులాబి వన్నె దాల్చి, పిదప ఎఱ్ఱబారును. ఒకే గుత్తిలో మూడు వన్నెలును కనబడును. పువ్వు రంగు మార్చినట్లే, తీగె దేశదేశమునను పేరు మార్చినది.

17వ శతాబ్దిలో అంబోయినా దీవియందు డచ్చి కంపెనీ ఉద్యోగిగా నుండిన రంఫియస్ దీనిని వర్ణించెను. మలయు భాషలోని 'ఉదాని' అను పేరు డచ్చి చెవికి 'ఎట్టిది?' అను ప్రశ్నవలె వినబడెను. ఆ శబ్దచ్ఛలమునుండి 'ఎవడు, ఎట్టివాడు' అను అర్థము గల 'క్విస్క్వాలిస్' అను లాటిను పేరు పుట్టెను. లిన్నేయస్ 1762లో దానినే శాస్త్రనామముగా గ్రహించెను. నేటి శాస్త్రజ్ఞులు దీనిని కంబ్రీటమ్ ప్రజాతిలో చేర్చినారు. చీనావారు దీని గింజలతో బిడ్డల కడుపులోని పురుగులను పోగొట్టెడివారు. ఆ మందు వాడిన వైద్యుని పేరే తీగెకు వచ్చినదని వారి ఐతిహ్యము.

ఆంగ్లమున ఇది రంగూన్ క్రీపర్. ఆ రంగూను తెలుగువారికి పరాయి ఊరు కాదు. కోరంగి, కాకినాడ రేవులనుండి కూలికై వెళ్లిన మనవారిని అచ్చట కోరంగీలనిరి. 1989లో ఆ నగరము అధికారికముగా యాంగోన్ అయినది. పాత పేరు ఈ పూతీగెయందు నిలిచియున్నది.

అనువాదకునకు అసలు చిక్కు మన దేశములోనే కలదు. వంగదేశమున జనులు దీనిని మాధవీలత అందురు. కాని సంస్కృత కవుల మాధవి వేరు. అమరకోశము అతిముక్తమని, వాసంతి యని చెప్పినది దానినే. వసంతమున పూచు దాని తెల్లని రేకులకు కుచ్చుల అంచులుండును. ఒక రేకున పసుపు ఛాయ కలదు. కాయకు మూడు రెక్కలు. మేఘసందేశమున యక్షుని తోటలోను, శాకుంతలము ఆరవ అంకమునను గల మాధవీమంటపము ఈ తీగెదే. మధుమాలతిలోని మాలతియు ఎరవు సొమ్మే. అమరమున మాలతి యనగా జాజి. ఈ సంకరమును తొలగించుటకు కాబోలు, రవీంద్రుడు కొత్త తీగెకు 'మధుమంజరి' యని పేరిడి, 1931 నాటి 'వనవాణి'లో దానిపై కవిత చేర్చెను.

తెలుగున ఈ చిక్కునకు తావు తక్కువ. కాళిదాసు మాధవికి మన పెద్దలు గురువెంద యను మాట నిచ్చినారు. నేటి వంగ నవలలో వాకిటి గేటుపై అల్లుకొన్న మాధవీలతకు రాధామనోహర మున్నది. రెండింటిని ఒకే మాటతో ముగించిన అనువాదమున, కావ్యములోని వసంతము పోవును. నవలలోని వీధియు పోవును.