గోగు నార, గోంగూర

ఆడిపట్టం దగ్గర పడింది. పెరట్లోనో మిద్దె మీద తొట్టిలోనో గోంగూర విత్తనం వేసే అదను ఇదే. వేసే ముందు ఆ మొక్క చరిత్ర కొంచెం చెప్పుకుందాం.

తమిళంలో దీన్ని పుళిచ్చకీరై అంటారు, పేరులోనే పులుపు ఉంది. కర్ణాటకలో పుండి, మహారాష్ట్రలో అంబాడి. మన పేరులో మాత్రం పులుపు లేదు, నార ఉంది. గోగు కూరే గోంగూర అయింది. గోగు అంటే నార తీసే మొక్క. ఇందులో రెండు జాతులున్నాయి. రెండింటి ఆకూ పుల్లగానే ఉంటుంది, రెండింటి కాడ నుంచీ నార వస్తుంది. కాడలు నీళ్ళలో నానేసి, కుళ్ళిన బెరడు ఒలిచి, ఉతికి ఆరబెట్టి తాళ్ళు పేనేవాళ్ళు. ఆకు వంటింటికి, కాడ పశువుల కొట్టానికి. ఆంధ్రమాత అని మనం ముద్దుగా పిలుచుకుంటాం గానీ, ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రం చెబుతుంది. మనకంటే పెద్ద వలస దీనిది!

విశాఖ పక్కన భీమునిపట్నం రేవు ఉంది కదా, ఇంగ్లీషువాళ్ళు ఆ ఊరి పేరే ఈ నారకు పెట్టి బిమ్లిపటం జూట్ అన్నారు. 1947లో దేశం విడిపోయినప్పుడు జూట్ పండే నేల చాలావరకు తూర్పు పాకిస్తాన్‌కు పోయింది, మిల్లులు కలకత్తా చుట్టూ ఉండిపోయాయి. ఆ లోటు పూడ్చడానికి మన దేశంలో గోగు సాగు పెంచారు. వ్యాపారంలో దాని పేరు మెస్తా. సరుకుకు ఒక పేరు, వంటింట్లో ఇంకో పేరు ఉండడం మాలాంటి రైల్వే గుమాస్తాలకు కొత్త కాదు.

ఇక విత్తనం సంగతి. మన ఇళ్ళలో గోంగూర విత్తనం పాతగుడ్డ మూటలో, బూడిద కలిపి, పుట్టింటి నుంచి అత్తింటికి వచ్చేది. ఇప్పుడు బజారులో కట్ట కొంటున్నాం. ఆ కట్ట పూత రాకముందే వేళ్ళతో పీకింది. అందులో ఆకు వస్తుంది, విత్తనం రాదు. పదేళ్ళు కట్టలే కొంటే ఆ ఇంటి విత్తనం పోయినట్టే. పిల్లలు అప్పుడే పుళిచ్చకీరై అంటున్నారు.

విత్తనం వేలి గోరంత లోతున వేస్తే చాలు, వారంలోపు మొలుస్తుంది. జానెడు ఎదిగాక కొస తుంచండి, పక్క కొమ్మలు వస్తాయి. ఆకు కోసుకోండి, మొక్కను పీకకండి. పగలు పొట్టిదైతేనే ఇది పూస్తుంది. అందుకే ఆడిలో వేసింది ఆకు బాగా ఇచ్చి చలికాలానికి పూతకు వస్తుంది. కార్తీకంలో వేస్తే ఎదగకముందే మొగ్గ తొడుగుతుంది, ఆకు దక్కదు. లేత పసుపు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు. చూడడానికైనా రెండు మొక్కలు వదిలేయండి. కాయ ఎండి పగలకముందే కోసి నీడలో ఆరబెట్టండి.

మా ఇంట్లో ఎర్రకాడ విత్తనం ఒక డబ్బా ఉంది. కావలసినవాళ్ళు వచ్చే ఆదివారం సమావేశానికి కాగితం పొట్లం తెచ్చుకోండి. తెల్లకాడ విత్తనం ఎవరింట్లోనైనా ఉంటే మాకు కొంచెం కావాలి.