ఇల్లు తూర్పున, కొలువు పడమర

మగ్గం గుంటలో కాళ్లు దింపి బట్ట నేసేవాడికీ, వాకిట్లో సారె తిప్పే కుమ్మరికీ ఇల్లే పనిచోటు. రైతుకు పొలిమేరే హద్దు. ఇవాళ నాగోల్‌లో కాపురం, రాయదుర్గంలో ఉద్యోగం అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ రెండింటి నడుమ మెట్రో దారి దగ్గర దగ్గర 28 కిలోమీటర్లు.

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. అది దండు కోసం, సరుకుల కోసం వచ్చిన రైలు. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అప్పటికీ కార్మికుడు పని దగ్గరే బతికాడు. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు చుట్టూ కార్మికుల వాడలే వెలిశాయి.

స్వాతంత్ర్యం తర్వాత హైదరాబాదు అంచుల్లో బీహెచ్‌ఈఎల్, ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ, ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ కంపెనీలు వచ్చాయి. క్వార్టర్లు కట్టారు, బడి పెట్టారు, క్వార్టరు దొరకనివాళ్లకు కంపెనీ బస్సు నడిపారు. ఉద్యోగమిచ్చినవాడే గూడు సంగతీ చూడాలన్న ఆ తరం ఆలోచన చాలా గొప్పదని నా నమ్మకం. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని వదిలేశారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి మధ్యతరగతి అప్పుచేసి కట్టుకున్న ఇళ్లు దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం, ఉప్పల్ వైపు ఉన్నాయి. కొలువులు పడమటికి పోయాయి, వాటి వెంటే అక్కడి స్థలాల ధరలూ కొండెక్కాయి. ఇళ్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి.

2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది. చౌక టికెట్టుతో చిరుద్యోగిని ఆదుకున్న బండి అది. కానీ చాలాచోట్ల తనకంటూ వేరే పట్టాలు లేవు. ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే లోకల్ సిగ్నల్ దగ్గర ఆగాల్సిందే. లోపలివాళ్లు గడియారం చూసుకోవాల్సిందే. 2017లో మెట్రో వచ్చాక ప్రయాణం చల్లబడింది, వేళ కుదిరింది. అయినా స్టేషన్ దిగాక ఆఫీసు దాకా మళ్లీ షేర్ ఆటో వెతుక్కోవాలి.

ఊరి బయటి కథ ఇంకా పొడుగు. కాజీపేట, జనగామ, ఆలేరు, భువనగిరి నుంచి నెలపాసు మీద హైదరాబాదుకు అప్ అండ్ డౌన్ చేసే జనం ఎందరో. వాళ్లెక్కే పుష్‌పుల్ రైలు పెట్టెలో ఎవరి మూల వాళ్లదే. ఒకచోట పేకాట, ఒకచోట చీటీల లెక్క. సాయంత్రం బండిలో ఆడవాళ్లు చిక్కుడుకాయలు ఒళ్లో పోసుకుని ఈనెలు తీస్తుంటారు. ఇల్లు చేరగానే పొయ్యి వెలిగించాలిగదా! ఇంటి నుంచి ఫోన్: "ఘట్‌కేసర్ దాటిందా?" పిల్లలు నిద్రపోకముందే చేరతారా లేదా అన్నదే ఆ ప్రశ్న.

2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాదు నుంచి అమరావతిలోని వెలగపూడికి తరలినప్పుడు ఈ బాధ వారానికొకసారి వచ్చేదిగా మారింది. పిల్లల చదువులు హైదరాబాదులో, కుర్చీ అమరావతిలో. శుక్రవారం సాయంత్రం రైలెక్కి సోమవారం పొద్దుటికి తిరిగి రావడం ఎందరో ఉద్యోగులకు ఏళ్ల తరబడి అలవాటైంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. ఇళ్లల్లో పనిచేసే అమ్మలకు, దుకాణాల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలకు జీతంలో అది నేరుగా మిగిలే డబ్బు. దాన్ని చులకన చేసేవాళ్లు ఒక్కరోజు పొద్దున్నే ఆ బస్సెక్కి చూడాలి. అయితే ఛార్జీ తగ్గింది, దూరం తగ్గలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పనికి వారానికి 48 గంటలని గీత గీసింది. దారిలో కరిగిపోయే గంటలు ఆ గీతకు అవతలే ఉండిపోయాయి.

కొత్త ఆఫీసు భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు అక్కడ పనిచేయబోయేవాళ్లు ఎక్కడుంటారని ప్రభుత్వాలు అడగాలి. వాచ్‌మన్‌కూ, ఊడ్చే మనిషికీ అందే అద్దెలో ఇళ్లు ఆ చుట్టుపక్కలే కట్టించాలి. అంతవరకూ కనీసం పొద్దుటి వేళ లోకల్‌ను ఆపి ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడం మానుకోమని రైల్వేను, స్టేషన్ దగ్గర ఆఫీసుల వైపు చిన్న బస్సులు సిద్ధంగా ఉంచమని ఆర్టీసీని మనమంతా గట్టిగా అడగాలి.